కొండవెన్నుమీద పరుగు

(వార్షికోత్సవ సందర్భమున జరిగిన పోషకుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)

ప్రతి సంవత్సరము ఈ సభలో పరీక్షా ఫలితములను గూర్చియు, తెలుగు మాధ్యమమున చదివిన పిల్లల ముందుదారిని గూర్చియు మేము మాటలాడుట ఆచారము. ఈయేడు ఆ సంగతులన్నియు నివేదికలో వ్రాసియున్నాము. ఇంటికి పోయి నెమ్మదిగా చదువుకొనగలరు. నేడు మేము మాటలాడదలచినది పరుగును గూర్చి. అదియును చదునైన మైదానములోని పరుగు కాదు, కొండలమీది పరుగు.

ఈ ప్రస్తావన ఎందుకు వచ్చినదో ముందుగా చెప్పవలెను. ఆదివారము తెల్లవారుజామున బెంగుళూరునుండి యువతీయువకులు కార్లలో వచ్చి, వీపున నీళ్ల సంచులు తగిలించుకొని, నంది, స్కందగిరి ప్రాంతముల కాలిబాటల వెంట పరుగెత్తుట మన పిల్లలు చూచుచున్నారు. చూచి ఊరకుండలేదు. పై తరగతుల విద్యార్థులు కొందరు, అందు బాలికలును ఉన్నారు, తమకును అట్టి అభ్యాసము ఏర్పాటు చేయవలసినదని మాకొక అర్జీ వ్రాసి ఇచ్చిరి. అర్జీలో వర్ణక్రమ దోషములు రెండు మూడు లేకపోలేదు గాని, కోరిక మాత్రము స్పష్టముగా ఉన్నది. ఆ వార్త ఇండ్లకు చేరగనే కొందరు పోషకులు మా గదికి వచ్చిరి. "చదువు చెప్పుడని పంపితిమిగాని, మేకలవలె కొండలెక్కించుడని పంపితిమా అయ్యవారూ?" అని ఒక తండ్రి అడిగెను. "కాలు విరిగితే ఆ కాలితో జీవితమంతా కూలికి పోవలసినది నా కొడుకే గదా" అనెను. మరియొక తల్లి తన కూతురి సంగతి ఎత్తి, మాట పూర్తిచేయక తల వంచుకొనెను. ఆమె పూర్తిచేయని మాట ఏదో ఇక్కడ కూర్చున్న తల్లులందరికిని తెలియును.

ఈ ప్రశ్నలు తీసివేయదగినవి కావు. తలుపువద్ద నిలిచి ఒక్క మాటలో చెప్పి పంపదగినవియు కావు. కావుననే ఈ సభలో, అందరి ఎదుట, కొంత విపులముగా చెప్ప సంకల్పించితిమి.

ఈ ఆటకు ఇంగ్లీషువారు ట్రెయిల్ రన్నింగ్ అని పేరు పెట్టిరి. తారు రోడ్డును, క్రీడాంగణపు గీతలను విడిచి, కాలిబాటల వెంట, అడవులలో, కొండలపై పరుగెత్తుటయే ఇది. ప్రపంచ అథ్లెటిక్ సంస్థ దీనిని 2015లో తన శాఖలలో ఒకటిగా గుర్తించెను. కొండపరుగును, కాలిబాట పరుగును కలిపి జరిపిన మొదటి ప్రపంచ పోటీలు 2022 నవంబరులో థాయిలాండులోని చియాంగ్ మాయి నగరమున జరిగినవి. ఈ పరుగులలో మిక్కిలి ఆకర్షణ గలది కొండవెన్ను వెంట సాగునది. కొండవెన్ను అనగా కొండల వరుస నడినెత్తిన, పడుకొన్న ఎద్దు వెన్నువలె ఎగుడుదిగుడుగా సాగిపోవు గట్టు. ఇరువైపుల నేల వాలి దిగిపోవును. నడుమ అడుగు వేయుటకు సన్నని దారి. కనుచూపు మేర లోకమంతయు క్రిందనుండును. నందిని కొండగా చేసికొన్న మనకు ఎద్దు వెన్ను అను ఉపమానము వేరుగా వెదకవలసిన పని లేదు.

మన కొండలను గూర్చి మనకు తెలిసినది మిక్కిలి తక్కువ. నందికొండ సముద్రమట్టమునకు 1,478 మీటర్ల ఎత్తున ఉన్నది. స్కందగిరి, అనగా మన వాడుకలోని కళవారదుర్గము, సుమారు 1,450 మీటర్లు. చిక్కబళ్ళాపురము పట్టణమే 900 మీటర్లకు పైబడిన ఎత్తున ఉండుటచేత, ఊరినుండి చూచినప్పుడు అవి మనకు అంత ఎత్తుగా తోపవు. బ్రహ్మగిరి, చన్నగిరి మున్నగునవి వీని తోడబుట్టిన కొండలు. తూర్పున చింతామణి వైపు అంబాజీదుర్గము, రహమాన్‌గఢ్, కైవారపు కొండ. ఉత్తరమున గుడిబండ కోట, బాగేపల్లి వైపు గుమ్మనాయకనపాళ్యము. ఇవన్నియు ఒకే వరుస కాదు. కాని ఒక కొండపై నిలిచిన వానికి మరియొకటి కనబడుచుండును. పాళెగాండ్రు కోటలు కట్టినది ఇందుకే. నందిదుర్గపు కోటను 1791 అక్టోబరు 19న కారన్‌వాలీసు సేనలు రాత్రివేళ వెన్నెలలో ముట్టడించి పట్టుకొన్న సంగతి చరిత్ర పుస్తకములలో కలదు. గాంధీమహాత్ముడు 1927లో జబ్బుపడి తేరుకొనుటకై వైద్యుల సలహామీద ఆ కొండపైననే కొన్ని వారములు బసచేసెను. విశ్వేశ్వరయ్యగారు పుట్టిన ముద్దేనహళ్ళి ఆ కొండల నీడలోనిదే. ఇంటిలో తెలుగు మాటలాడు ఆ బాలుడు చిక్కబళ్ళాపురము బడిలో చదివి, ఎంతవాడయ్యెనో మీకు మేము చెప్పవలసిన పనిలేదు. నూరేండ్లు నిండిన తరువాత 1962లో గతించెను.

కోటలకన్న, పెద్దల బసలకన్న మేము గొప్పగా ఎంచునది మరియొకటి కలదు. ఈ కొండలు నదులకు పుట్టినిండ్లు. ఉత్తర పినాకిని, అనగా మన పెన్న, చన్నకేశవగిరి ప్రాంతమున పుట్టి, అనంతపురము, కడప సీమలను దాటి, నెల్లూరు వద్ద సముద్రమున కలియుచున్నది. చిత్రావతి చిక్కబళ్ళాపురము కొండలలో పుట్టి, బాగేపల్లి మీదుగా ఆంధ్రదేశము చేరి, పెన్నలో కలియును. పాపఘ్ని శిడ్లఘట్ట వైపున పుట్టి అదే పెన్నకు చేరును. దక్షిణ పినాకినియు, పాలారును తమిళదేశమునకు పోవును. అర్కావతి నందికొండ వద్ద పుట్టి కావేరిలో పడును. కావున ఈ కొండవెన్నులపై పరుగెత్తు పిల్లవాడు, తనకు తెలియకయే, నీళ్లను పంచు గట్టుమీద పరుగెత్తుచున్నాడు. ఒక వాలున పడిన వానచినుకు నెల్లూరికి పోవును. మరియొక వాలున పడినది కావేరిలో కలియును. భూగోళ పాఠములో 'జలవిభాజకము' అను మాట బల్లపై వ్రాసి ముప్పది యేండ్లుగా బోధించుచున్నాము. పిల్లలు ఆ మాటను వ్రాసికొందురు, పరీక్షలో వ్రాయుదురు, మరచెదరు. దానిపై నిలిచి ఇటునటు చూచిన పిల్లవాడు దానిని మరచునని మేము అనుకొనము.

ఇక ఈ పరుగు పుట్టుపూర్వములు. కొండలలో బ్రతుకు మనుష్యులు ఎప్పుడును పరుగెత్తుచునే ఉన్నారు. దానిని పోటీగా చేసినది మాత్రము ఈ కాలపు వింత. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమున, సియెర్రా నెవాడా పర్వతములకు అడ్డముగా 100 మైళ్ల గుఱ్ఱపు పందెము 1955 నుండి జరుగుచున్నది. ఇరువదినాలుగు గంటలలో ముగింపవలెను. గోర్డీ ఐన్‌స్లీ అను యువకుడు 1973లో ఆ పందెమునకు పోగా, గుఱ్ఱము కుంటినది. మరుసటి యేడు, 1974లో, అతడు గుఱ్ఱము లేకయే గుఱ్ఱములతో బయలుదేరి, తన రెండు కాళ్లతో 23 గంటల 42 నిమిషములలో గమ్యము చేరెను. వెస్టర్న్ స్టేట్స్ అను నేటి సుప్రసిద్ధ పరుగు పందెమునకు అదియే నాంది.

ఐరోపాలో మోంబ్లా పర్వతము చుట్టును ఫ్రాన్సు, ఇటలీ, స్విట్జర్లాండు దేశముల మీదుగా సాగు పందెము 2003లో మొదలైనది. దూరము సుమారు 170 కిలోమీటర్లు. ఎక్కవలసిన ఎక్కుడు అంతయు కూడినచో సుమారు 10,000 మీటర్లు. నందికొండను ఊరివద్దనుండి పదునెనిమిది మారులు ఎక్కినంత! ఆ మొదటి సంవత్సరము గెలిచినవాడు ఐరోపావాడు కాడు. నేపాళపు కొండలలో పుట్టిన దావా షెర్పా. మన దేశమునందును, డార్జిలింగు వైపు సందక్ ఫూ శిఖరము మీదుగా, సింగలీలా అను కొండవెన్ను వెంట, 1991 నుండి 100 మైళ్ల పరుగు ఐదు దినములుగా పంచి జరుపుచు వచ్చిరి. సందక్ ఫూ ఎత్తు 3,636 మీటర్లు. మబ్బు లేనినాడు అచటినుండి కాంచనగంగయు, ఎవరెస్టును ఒక్కమారే కనబడును.

కూతురి సంగతి ఎత్తిన తల్లికి మేము చెప్పదలచిన కథ నేపాళములోనిదే. భోజ్‌పూర్ జిల్లాలో ఒక సేద్యగాని యింట 1988లో పుట్టిన మీరా రాయ్ అను బాలిక చిన్ననాట బియ్యపు మూటలు మోసికొని కొండలెక్కి దిగి సంతకు పోయెడిది. చదువు మధ్యలోనే ఆగినది. 2014లో కఠ్మాండు వద్ద కొండలపై జరిగిన 50 కిలోమీటర్ల పందెములో, తగిన సాధనము లేవియు లేకయే పరుగెత్తి, స్త్రీలలో గెలుపొందెను. మరుసటి యేడు ఫ్రాన్సులో మోంబ్లా వద్ద 80 కిలోమీటర్ల పరుగున ప్రథమురాలయ్యెను. పిమ్మట తన దేశమందలి పల్లెల బాలికలకు తానే పరుగు నేర్పుట మొదలుపెట్టెను. మూటలు మోసిన కాళ్లే ఆమెకు మొదటి గురువులు. మన ఊళ్లలో పుల్లలమోపులు మోయు ఆడపిల్లలున్నారు; బిందెలు మోయు ఆడపిల్లలున్నారు. ఆ బరువునకు అడ్డు చెప్పని మనము, బరువు దించి పరుగెత్తుదునన్నచో అడ్డు చెప్పుట న్యాయమేనా? తల్లులు కోపగింపకుందురు గాక.

ఇంతవరకు చెప్పినది విని, అయ్యవారు పిల్లలవైపే మాటలాడుచున్నారని తలంచువారు కొందరుందురు. రెండవ వైపున ఉన్నదానిని గూడ దాచక చెప్పుచున్నాము.

2021 మే 22న చైనాలోని గాన్సు రాష్ట్రమున, పసుపునది ఒడ్డున రాతికొండల ప్రాంతములో 100 కిలోమీటర్ల కొండపరుగు జరిగినది. బయలుదేరినవారు 172 మంది. ఉదయము వాతావరణము అంత చెడ్డగా లేదు. పలువురు పలుచని చొక్కాలతో, పొట్టి లాగులతో ఉండిరి. మధ్యాహ్నమునకు, సరిగా ఎత్తైన కొండ ఎక్కుచున్న భాగమున, వాహనము చేరలేని చోట, పెనుగాలియు మంచుచినుకుల వానయు వడగండ్లును ఒక్కమారుగా విరుచుకుపడినవి. గాలిని ఆపు కోటు తప్పక తేవలెనను నియమము నిర్వాహకులు పెట్టలేదు. ఇరువది యొక్కమంది చలికి మరణించిరి. వారిలో ఆ దేశమందు పేరెన్నికగన్న పరుగు వీరులు ఉండిరి. వేగము వారిని కాపాడలేదు.

ఆ దినమున ఆరుగురి ప్రాణములు కాపాడినవాడు గొఱ్ఱెలకాపరి. వాన రాగానే అతడు తన మందతో తనకు తెలిసిన గుహలోనికి చేరియుండెను. గుహలో పాత దుప్పట్లు, కట్టెలు ముందే దాచుకొని యుండెను. కొయ్యబారిపోయిన పరుగువారిని లోనికి తెచ్చి, మంట వేసి, దుప్పట్లు కప్పెను. ప్రపంచ ఖ్యాతి గల క్రీడాకారులకు తెలియని ఏ విద్య ఆ కాపరికి తెలిసినది? వాన ఎప్పుడు వచ్చునో, వచ్చినప్పుడు ఎచట దాగవలెనో, ఎప్పుడు ముందుకు పోరాదో అతనికి తెలిసినది. మేము ఈ సభలో చెప్పవలెనని వచ్చిన మాట ఏదైన ఉన్నచో అది ఇదియే. కొండపరుగు కాళ్ల విద్య కాదు. దారి తెలియుటయు, వెనుదిరుగుటయు ముందు నేర్చుకొనవలసిన విద్య. ఆ విద్య బెంగుళూరినుండి కొని తేనక్కరలేదు. అది మీ యిండ్లలోనే ఉన్నది.

మన చెంతనే జరిగినవి గూడ రెండు చెప్పెదము. 2021 ఆగస్టులో కుండపోతగా కురిసిన వానకు చరియలు విరిగిపడి నందికొండ దారి తెగిపోయినది. కొంతకాలము రాకపోకలు నిలిచినవి. 2022 ఫిబ్రవరిలో ఒంటరిగా పోయిన ఒక విద్యార్థి బ్రహ్మగిరి రాళ్లలో జారి, మనుష్యులు చేరలేని చోట చిక్కుకొనెను. వాయుసేన హెలికాప్టరు వచ్చి అతనిని పైకి తీసినది. అతడు అదృష్టవంతుడు. ఎల్లవారికిని హెలికాప్టరు రాదు.

కొన్ని నెలల క్రిందట మేము తొమ్మిదవ తరగతి పిల్లలను బాగేపల్లి వైపు ఒక గుట్టకు, పరుగునకు కాదు, నడకకే, తీసికొనిపోయితిమి. దారి చూపుటకు ఒక మేకలకాపరి తాతను వెంట రమ్మంటిమి. ఆయనకు చదువు రాదు. నడుచునప్పుడు పిల్లలకు ప్రతిదానికి ఒక పేరు చెప్పుచు వచ్చెను. నేలకు పరచినట్లున్నది బండ. విడిగా నిలిచినది గుండు. రెండు గుట్టల నడుమ దాటు చోటు కనుమ. బండలో వాననీరు నిలుచు గుంత దొన. మనుష్యుడు దూరగలిగినది గవి. వాలున అడ్డముగా అరుగువలె సాగునది చరియ. ఏ దొనలో నీరు ఎండకాలమందును ఉండునో, ఏ గవిలో ఎలుగుబంటి భయమున్నదో చెప్పెను. "మేకలు మేత విడిచి క్రిందివాలుకు మళ్లినవంటే పైకి పోవద్దు అబ్బోడా, వాటికి మనకన్న ముందే తెలుస్తాది" అనెను. బోదగడ్డి ఏపుగా పెరిగినచోట అడుగు పెట్టుటకు ముందు కఱ్ఱతో తట్టవలెననియు, నాచు పట్టిన బండ ఎండలో నల్లగా, తడిసినప్పుడు పచ్చగా కనబడుననియు, పచ్చగా కనబడినదానిని నమ్మరాదనియు చెప్పెను.

ఆ నడకకు ముందు పిల్లలను ఈ రూపములకు పేర్లు వ్రాయుడని అడుగగా, పెక్కుమంది అన్నిటికి కలిపి కొండ అని, రాయి అని వ్రాసిరి. తెలుగు మాధ్యమమున తొమ్మిదేండ్లు చదివిన పిల్లలు! తిరిగి వచ్చిన తరువాత ప్రతి పిల్లవాడును ఒక నోటుపుస్తకము ప్రారంభించి, ఇంటిలోని తాతను, అవ్వను అడిగి, మరికొన్ని మాటలు చేర్చుకొని వచ్చెను. కన్నడము మాటలాడు పొరుగింటి పెద్దలను గూడ అడిగిన పిల్లలున్నారు. గవి అను మాట రెండు భాషలందును ఒకటే యని వారే కనుగొని మాకు చెప్పిరి. ఆ నోటుపుస్తకములు ప్రక్క గదిలో బల్లపై ఉంచితిమి. పోవునప్పుడు చూచి పోవుడు. భాష నిలుచుటకు సభలలో తీర్మానములు చేయుచుందుము. తీర్మానములు మంచివే. కాని దొన అను మాట బ్రతుకవలెనన్నచో దొనవద్ద నీరు త్రాగిన పిల్లవాడొకడు ఉండవలెను.

"మేకలవలె" అని ఆ తండ్రి అనిన మాటకు ఇప్పుడు జవాబు చెప్పెదము. అవునయ్యా, మేకలవలెనే. మేక ఎక్కునప్పుడు చిన్న అడుగులు వేయును. కొండపరుగు నేర్పువారు చెప్పునది గూడ అదే. ఎక్కుడు నిట్టనిలువుగా ఉన్నచో పరుగు మాని, నడుము కొంచెము వంచి, తొడలపై చేతులానించి నడువవలెను. ప్రపంచ విజేతలును అట్లే నడతురు, అందులో నామోషీ లేదు. దృష్టి పాదములపై కాక మూడు నాలుగు అడుగుల ముందు నిలుపవలెను. దిగునప్పుడే ప్రమాదము హెచ్చు. ఎక్కునప్పుడు రొప్పు వచ్చి మనుష్యుని ఆపును. దిగునప్పుడు ఆపునది లేదు. దిగుటలో తొడ కండరములు సాగుచునే బరువును పట్టి ఆపవలసియుండును. మరునాడు మెట్లు దిగలేనంత నొప్పి కలుగుట అందుచేతనే. క్రమక్రమముగా అలవాటు చేసినచో ఆ నొప్పి తగ్గును.

లెక్కల మాస్టరుగారికి ఇష్టమైన సంగతి ఒకటి కలదు. స్కాట్లండు దేశీయుడైన నెయిస్మిత్ 1892లో కొండనడకకు ఒక సూత్రము చెప్పెను. చదునుగా 5 కిలోమీటర్లకు ఒక గంట. ఎక్కవలసిన ప్రతి 600 మీటర్లకు అదనముగా మరియొక గంట. 6 కిలోమీటర్ల దారిలో 480 మీటర్లు ఎక్కవలసియున్నదనుకొనుడు. దూరమునకు 72 నిమిషములు, ఎత్తునకు 48 నిమిషములు, వెరసి రెండు గంటలు. ఎనిమిదవ తరగతి పిల్లలు దీనిని నోటిలెక్కగా చేయుచున్నారు. సూర్యాస్తమయము ఎప్పుడో తెలిసి, ఈ లెక్క తెలిసిన పిల్లవాడు ఎన్ని గంటలకు వెనుదిరుగవలెనో తానే చెప్పగలడు. అట్లే, వేయి మీటర్లు ఎక్కిన కొలది చలి సుమారు ఆరున్నర డిగ్రీలు హెచ్చును. చిక్కబళ్ళాపురమునుండి నందికొండ నెత్తికి పోవుసరికి మూడు డిగ్రీలకు పైగా భేదముండును. దానికి గాలి తోడగును, చెమట తోడగును. కార్తీకమాసపు వేకువన అది చిన్న సంగతి కాదు.

ఇప్పుడు మేము తలపెట్టినదేమో చెప్పెదము. ఎనిమిది, తొమ్మిది, పది తరగతులలో ఇష్టమున్నవారికి, బాలబాలికలకు సమముగా, నెలకు రెండు ఆదివారములు ఉదయము అభ్యాసము. మొదటి మూడు నెలలు నడకయే, పరుగు లేదు. పిమ్మట ఎక్కుట త్వరితముగా, దిగుట నడకగా. పోటీలకు పంపము. ఎదుగుచున్న ఎముకలను దూరపు పందెములలో అరగదీయుట మాకు సమ్మతము కాదు. పతకము రాలేదని అడుగు పోషకులకు ఈ మాట ముందే చెప్పుచున్నాము. ప్రతిమారును ఆ కొండ తెలిసిన పెద్ద ఒకరు ముందు నడుచును. ఉపాధ్యాయుడు వెనుక నడుచును. బాలికలు వచ్చిననాడు ఉపాధ్యాయురాలు తప్పక ఉండును. కడపటి బిడ్డ నడకయే అందరి నడక. అటవీశాఖవారి అనుమతి కావలసిన స్కందగిరి వంటి చోట్లకు అనుమతి లేనిదే పోము. రాతిగనులున్న గుట్టల దరికి పోనే పోము. 2021 ఫిబ్రవరిలో హిరేనాగవల్లి వద్ద పేలుడు పదార్థములవలన ఆరుగురు మరణించిన ఘోరము ఈ జిల్లావారెవ్వరును మరచియుండరు. ఎండకాలపు సాయంకాలములందు పిడుగుల భయముండును గనుక చైత్ర వైశాఖములలో ఎనిమిది గంటలకెల్ల క్రిందికి దిగియుండవలెను. ఉరుము వినబడినచో, గమ్యము నూరడుగుల దూరముననున్నను, వెనుదిరుగుటయే. కొండవెన్నుపై అందరికన్న ఎత్తుగా నిలిచినది మనుష్యుడే అగును. పిడుగునకు అట్టివాడే కావలెను.

వెనుదిరిగిన పిల్లవానిని తక్కినవారు ఎగతాళి చేయరాదు. ఇది మాకు అన్నిటికన్న కష్టమైన నియమము. పరీక్షలలో, ఆటలలో, ఇంటిలో గూడ ముందుకు పొమ్మని మాత్రమే మనము నేర్పుచున్నాము. ఆగినవానిని మెచ్చుకొను అలవాటు మనకు లేదు. కావున అభ్యాసమునకు వచ్చిన ప్రతి పిల్లవాడును సంవత్సరములో ఒక్కమారైన "ఇక చాలు, దిగుదము" అని జట్టును తానే వెనుకకు మళ్లించు బాధ్యత వహింపవలెనని నియమము చేయుచున్నాము. ఎప్పుడు మళ్లించినది, ఎందుకు మళ్లించినది నోటుపుస్తకములో వ్రాయవలెను.

కాలు విరిగినచో ఎవరు దిక్కని అడిగిన తండ్రికి మేము అభయ మీయజాలము. కొండమీద గాని, రోడ్డుమీద గాని కాలు విరుగదని చెప్పు ఉపాధ్యాయుని నమ్మవద్దు. మేము చెప్పగలిగినది, ప్రథమచికిత్స నేర్చిన ఇద్దరు ఉపాధ్యాయులు వెంట ఉందురనియు, పోవు దారి, తిరిగివచ్చు వేళ ముందునాడే బడి బల్లపై వ్రాసియుంచుదుమనియు మాత్రమే. ఇవి చాలవని తోచినవారు పిల్లలను పంపవద్దు. వారిపై మాకు ఎట్టి కినుకయు ఉండదు. అయితే పంపని తండ్రికి ఒక్క మనవి. ఆ పిల్లవాడు మీకు చెప్పకయే ఏదో ఒక ఆదివారము స్నేహితులతో కలిసి, చేతిలో సెల్‌ఫోనుతో, ఆ కొండకే పోవును. బ్రహ్మగిరి రాళ్లు తెలియని వానిగా పోవలెనా, తెలిసినవానిగా పోవలెనా అని ఇంటిలో ఆలోచించుకొనుడు.

బూట్ల సంగతి అడిగిరి. బెంగుళూరివారు తొడుగుకొను బూట్ల ఖరీదు విని మేమును వెఱచితిమి. అవి అక్కరలేదు. అడుగున పట్టు గల మామూలు గుడ్డబూట్లు చాలును. అరిగిపోయినవి మాత్రము పనికిరావు, నునుపు బండపై అవియే ప్రాణాంతకములు. కొనలేని పిల్లల కొఱకు సంఘమువారిని అడిగియున్నాము. కోశాధికారిగారు ఇంకను అవునని అనలేదు, కాదని అనలేదు. తినుటకు ఏమి పంపవలెనని అడిగిన తల్లికి: తెల్లవారకముందే పిల్లవానికి సంగటిముద్ద పెట్టి బరువెక్కింపవద్దు. కొంచెము బెల్లము, గుప్పెడు చెనిక్కాయలు మూటగట్టి, రెండు సీసాల నీరు ఇచ్చిన చాలును. సంగటియు మజ్జిగయు తిరిగివచ్చిన తరువాత. అప్పుడు ఎంత పెట్టినను వద్దనడు. పాతదైన సరే, చేతులున్న ఒక ఉన్ని అంగీ తప్పక పంపుడు. పిల్లలు వద్దందురు. వినవద్దు.

సమ్మతి పత్రములు ద్వారము వద్ద గుమాస్తాగారు ఇచ్చెదరు. తెలుగులోనే అచ్చువేయించితిమి. సంతకము రానివారు వేలిముద్ర వేయవచ్చును. అయితే ఇక్కడనే వేసి ఇచ్చిపోవద్దు. ఇంటికి తీసికొనిపోయి, మొదటినుండి చివరవరకు మీ బిడ్డచేతనే బిగ్గరగా చదివించుకొని, అర్థము కాని మాటకు అర్థము వానినే అడిగి, ఇంటిలోని ముసలివారిని గూడ దగ్గర కూర్చుండబెట్టుకొని విన్న పిమ్మట, వచ్చే సోమవారమునకు పంపుడు.